గుండె డాక్టరు యాడున్నడు

తలుపు మూసుకున్నాక బాలమణికి చేయడానికి ఏమీ మిగల్లేదు. ఫైలు లోపలికి పోయింది, మొగుడు ఇస్రాయేలు లోపలికి పోయాడు, అతని చెప్పులు మాత్రం గడప బయట ఒకటి అటు, ఒకటి ఇటు పడి ఉన్నాయి. ఆమె వాటిని కాలితో దగ్గరికి జరిపి, అతని చొక్కా మడిచి ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుంది. పైన ఫ్యాను నిదానంగా తిరుగుతోంది. కిటికీలోంచి ఫిబ్రవరి ఎండ నేల మీద పరుచుకుని ఉంది. అది తన కాళ్ల దాకా జరిగేసరికి లోపల పని అయిపోతుందేమో అనుకుంది, కాకపోతే మాత్రం ఏం, కూర్చుందాం అనుకుంది. ఎవరూ పిలవకుండా, చేతిలో పని లేకుండా, పగటిపూట కాళ్లు చాపుకుని కూర్చోవడం తన నలభై ఏడేళ్ల బతుకులో ఎన్నిసార్లు జరిగిందో గుర్తు చేసుకోబోయి, ఒకటి రెండు కాన్పులప్పుడు తప్ప ఇంకేదీ గుర్తు రాక ఊరుకుంది. వనపర్తిలోని ఈ నర్సింగ్ హోముకు నెలలో రెండు శనివారాలు కర్నూలు నుంచి గుండె డాక్టరు శ్రవణ్ కుమార్ వస్తాడు. మూడు నెలల కింద ఇస్రాయేలును బతికించింది ఆయనే. అంటే ఆయన ఒక్కడే అని కాదు, వరసగా చెప్పుకుంటూ పోతే చాలామందిని చెప్పాలి. ఇవాళ ఆయన ఎకో తీసి, మొగుడి గుండె బలం ఎంతకు వచ్చిందో చూస్తాడు. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఇరవై అయిదు అని రాసిచ్చారు. మంచి గుండెకు అరవై దాకా ఉంటుందట. ముప్పై అయిదు దాటితే మందులు చాలు. దాటకపోతే ఎడమ భుజం కింద, చర్మం లోపల, అగ్గిపెట్టెంత యంత్రం పెట్టాలి; ఎప్పుడైనా గుండె గతి తప్పితే అది తట్టి లేపుతుంది. ఈ మాటలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. ఇప్పుడు భయపడాలని కూడా తెలుసు. కానీ భయం కోసం లోపల వెతుక్కుంటే దొరకడం లేదు. ఆకలి మాత్రం దొరికింది.

పొద్దున తమ ఊరు కోడేరులో బస్సెక్కే ముందు ఇద్దరూ పప్పు దగ్గర పోట్లాడుకున్నారు. ఉప్పు చిటికెడు వేసి ఊరుకుందని అతను పళ్లెం పక్కకు జరిపాడు. "గీ పప్పు తిని గుండె బాగైతదేమో గని నాలుక సచ్చిపోతది" అన్నాడు. "సచ్చిపోనియ్, నాలుక లేకున్న పండుకున్నోడివి పొద్దున లేస్తవు" అంది తను. అతను అలిగి బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు, గోపాల్‌పేట వచ్చేదాకా మాట్లాడలేదు, గోపాల్‌పేటలో ఎవరో పల్లికాయ బస్తాలు పైకెక్కిస్తుంటే ఉండబట్టలేక, తాడు గట్ల కాదు గిట్ల కట్టాలని కిటికీలోంచి అరిచాడు. ఆ అరుపు విని ఆమెకు లోపల ఎంత చల్లగా అయిందో అతనికి చెప్పలేదు. మూడు నెలల కింద ఆ గొంతు ఎంత సన్నగా అయిపోయిందంటే, నీళ్లు అడిగినా పెదాలు చూసి తెలుసుకోవాల్సి వచ్చేది. ఇంటికి వచ్చిన మొదటి ఆదివారం ప్రార్థనకు తీసుకుపోతే అతను పాట మొదటి చరణంలోనే ఆగిపోయాడు, నోరు తెరిచి, పక్కవాళ్లు పాడుతుంటే వింటూ నిలబడ్డాడు, చెమట పట్టింది. ఆమె కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నట్టే ఉండి, ఎక్కడ ఆగాడో గుర్తు పెట్టుకుంది. రెండు వారాలకు మొదటి చరణం దాటాడు. ఇంకో మూడు వారాలకు రెండోది. మొన్న ఆదివారం మూడు చరణాలూ ఊపిరి తీసుకోవడానికి ఆగకుండా పాడి, చివర్న పల్లవి అందరికన్నా ఒక క్షణం ఎక్కువే లాగి, వెనక్కి తిరిగి ఆమెను చూశాడు. ఆమె చూడనట్టు చీర కొంగు సర్దుకుంది. డాక్టరు యంత్రం ఏ అంకె చెబుతుందో తెలియదు గానీ, తన అంకె తనకు ఉంది. అందుకేనేమో భయం దొరకడం లేదు.

పాట అంటే అతనికి చిన్నప్పటి నుంచీ ఉంది. పని చేసేటప్పుడు మూలుగులాగా ఏదో ఒక రాగం గొంతులో ఆడుతూనే ఉంటుంది. పెళ్లైన కొత్తలో బొంబాయి వైపు పైపుల కాలువలు తవ్వడానికి పోయినప్పుడు, గుంపులో అతను ఏ వైపు తవ్వుతున్నాడో ఆ మూలుగును బట్టే తెలుసుకునేది. అక్కడే ఒక మిస్త్రీ దగ్గర మోటార్ల పని నేర్చుకున్నాడు. ఊరికి వచ్చాక వలస మానేసి, బోర్ల నుంచి మోటార్లు తీయడం, బాగు చేయడం, దింపడం, ఇరవై ఏళ్లుగా అదే పని. కూలికి మరో మనిషి ఎందుకని ఆమే వెంట పోయేది. మూడు కాళ్ల స్టాండు నాటి, గొలుసు కప్పీ తగిలించి అతను లాగుతుంటే, పైకి వచ్చిన పైపును ఆమె ఇనుప పట్టీ వేసి పట్టుకునేది, అతను మరలు విప్పేవాడు. మాట అవసరం ఉండేది కాదు. ఆ రోజు కూడా అంతే. నవంబరు, పల్లి విత్తనాలు వేసిన కొత్త, కోడేరు బయట పెంటయ్య చేనులో మోటారు ఇరుక్కుపోయిందంటే పొద్దున్నే పోయారు. ఆరు పైపులు బయటకు వచ్చాయి. ఏడోది వస్తుండగా గొంతులో మూలుగు ఆగిపోయింది. ఆమె తలెత్తి చూసింది. ముఖం బూడిద రంగు, నుదుటి మీద చెమట ధార. అయినా అతను ముందు గొలుసుకు కొక్కెం వేశాడు, అది గట్టిగా పడిందో లేదో ఒకసారి గుంజి చూశాడు, అప్పుడు మట్టి మీద కూర్చున్నాడు. ఇప్పుడు తలుచుకున్నా ఆమెకు అదే ఆశ్చర్యం. కొక్కెం వేయకుండా కూలబడి ఉంటే పైపులన్నీ మోటారుతో సహా బోరులోకి జారిపోయేవి, పట్టీతో పాటు తన చేతులు కూడా ఏమయ్యేవో. తన ప్రాణం పోతున్నట్టున్నా మనిషి పని మధ్యలో వదల్లేదు.

"ఏమైతుందయ్యా?" అంటే, "ఏం లే, ఛాతీల బండ పెట్టినట్టున్నది. గ్యాసు" అన్నాడు. ఎడమ చేయి పట్టుకుంటే మంచులా ఉంది, జిగటగా. ఎండలో పని చేసిన మనిషి చేయి చల్లగా ఎందుకుంటుంది? ఆ చల్లదనమే ఆమెను లేపింది. గ్యాసు అయితే చేయి చల్లబడదని ఎవరు చెప్పారు ఆమెకు? ఎవరూ చెప్పలేదు. ఇరవై ఎనిమిదేళ్లు ఆ చేతి పక్కన పని చేసింది, అంతే.

లోపల నుంచి కాంపౌండరు బయటికి వచ్చి ఎవరి పేరో పిలిచాడు, వాళ్లది కాదు, ఒక ముసలాయన కర్ర తాటించుకుంటూ లేచాడు. పక్కన కూర్చున్న ఆమె నారింజ తొనలు ఒలుస్తూ రెండు బాలమణి చేతిలో పెట్టింది. వద్దనబోయి తినేసింది. తీయగా ఉంది, కాస్త పులుపు. ఆర్‌ఎంపీ సాయన్న దగ్గర కూడా ఆ రోజు బల్ల మీద సగం ఒలిచిన బత్తాయి ఉండింది, తింటూ తింటూ లేచి వచ్చాడు. ఊళ్లో అందరికీ జ్వరానికి, దగ్గుకు అతనే. రక్తపోటు పట్టీ కట్టాడు, విన్నాడు, విప్పి ఇంకో చేతికి కట్టాడు, మళ్లీ విన్నాడు, మూడోసారి కట్టి చెవుల్లోంచి గొట్టం తీసేశాడు. ఒక సూది వేసి, ఒక సీసా ఎక్కించి, మధ్యాహ్నం దాకా చూద్దామని అతను అని ఉంటే ఆమె ఎదురు చెప్పేదా? చెప్పేది కాదు. సాయన్న మాట మీద అంత నమ్మకం. కానీ సాయన్న ఆ మాట అనలేదు. "వదినా, బీపీ దొరుకుతలేదు. నా చేతుల పని కాదిది. నేనేదన్న ఎక్కిచ్చుకుంట కూసుంటే నీకు అన్యాలం చేసినోడినైత. జల్ది వనపర్తి తీస్కపో" అన్నాడు, నమలమని ఒక మాత్ర నోట్లో పెట్టాడు, తనే రోడ్డు మీదికి పరిగెత్తి ఆటో ఆపాడు. తర్వాత తర్వాత ఎంతమంది పెద్ద డాక్టర్లను చూసినా, నా వల్ల కాదని ఆ రోజు మొదట చెప్పిన మనిషిని ఆమె ప్రార్థనలో ముందు తలుచుకుంటుంది. ఆ ఆటో మహిపాల్‌ది. ఊరివాడే, అక్కా అని పిలుస్తాడు. అంబులెన్సు కాన్పు కేసు మీద వేరే ఊరు పోయిందంటే, ఒక్క కాన్పు అయ్యేదాకా ప్రపంచమంతా ఆగాలా అని మహిపాల్ తనలో తాను అనుకుంటూ, గోపాల్‌పేట దాకా గుంతలు తప్పిస్తూ, తర్వాత గుంతలు తప్పించడం కూడా మానేసి నడిపాడు. ఆమె ఒళ్లో అతని తల. ఎన్నోసార్లు బస్సుల్లో, రైళ్లలో ఆ తల అలాగే పడుకుంది. అప్పుడు బరువుగా ఉండేది, ఆ రోజు తేలికగా ఉంది, అదే ఆమెకు నచ్చలేదు.

వనపర్తి సర్కారు దవాఖానలో డ్యూటీ డాక్టరు ప్రేమలత. చిన్నమ్మాయి, జడ వేసుకుని, కాళ్లకు రబ్బరు చెప్పులు. ఛాతీకి తీగలు అంటించి కాగితం తీసింది, కాగితం చూసి ఇంకెవరినీ అడగకుండా నర్సులకు గబగబా ఏవో పేర్లు చెప్పింది, సూదులు వచ్చాయి, సీసా వచ్చింది, ముక్కుకు గొట్టం వచ్చింది. తర్వాత బాలమణిని పక్కకు పిలిచి, "అమ్మా, మీ ఆయన షాక్‌లో ఉన్నాడు" అంది. బాలమణి వెంటనే, "కరెంటు ముట్టలేదమ్మా! మోటారు బందు వెట్టినంకనే పని మొదలు వెట్టినం, నేను ఫ్యూజు తీసి నా కొంగుకు కట్టుకున్న, సూడు" అని కొంగు ముడి విప్పి ఫ్యూజు ముక్కలు చేతిలో పోసి చూపించింది. ఆ పిల్ల ఆ ముక్కల వంక చూసింది. ఆమె ముఖంలో నవ్వు రాలేదు, విసుగూ రాలేదు. అరనిమిషం కూడా లేని మనిషి అరనిమిషం ఆగి చెప్పింది. "ఆ షాక్ కాదమ్మా. గుండెకు రక్తం తీసుకుపోయే పెద్ద నాళం మూసుకుపోయింది. గుండె కొట్టుకుంటోంది గానీ రక్తాన్ని తోయడానికి బలం చాలడం లేదు. మోటారు తిరుగుతుంది, నీళ్లు పైకి ఎక్కవు చూడు, అట్లాంటిది. కార్డియోజెనిక్ షాక్ అంటారు. అందుకే చేతులు చల్లగా ఉన్నాయి, మూత్రం రావడం లేదు. నేను మందులతో కొంతసేపు పట్టి ఉంచగలను. బాగు చేయలేను. ఆ నాళం తెరిచే డాక్టరు కావాలి, ఇప్పుడే కావాలి, గుండెకు ఆసరా ఇచ్చే యంత్రం ఉన్న చోట కావాలి." మోటారు తిరుగుతుంది, నీళ్లు ఎక్కవు. బాలమణికి అర్థమైంది. అర్థమైనాక ఏడవడానికి కూడా ఏమీ మిగల్లేదు, ఇక ఆ పని చేసే మనిషిని పట్టుకోవడమే. "యాడున్నడమ్మా ఆ డాక్టరు?" అంది. "అదే వెతుకుతున్నా" అంది ప్రేమలత, ఫోను చెవికి పెట్టుకుని.

మొదట ఫోను చేసిన చోట యంత్రం ఉంది, అది నడిపే డాక్టరు ఊళ్లో లేడు. రెండో చోట డాక్టరు ఉన్నాడు, ఐసీయూలో మంచం ఖాళీ లేదు. హైదరాబాదులో అన్నీ ఉన్నాయి, రమ్మన్నారు కూడా, కానీ మూడు గంటల దారి. ప్రేమలత మంచం మీది మనిషిని చూసి, గోడ గడియారం చూసి, "మూడు గంటలు చాలా ఎక్కువ" అని తనకు తానే చెప్పుకుంది. బాలమణి విన్నది. విని వార్డులోంచి బయటికి నడిచింది, నడక కాదు, మట్టి చీరతో, మోకాళ్ల దాకా బురదతో పరుగే. గుండె డాక్టరు యాడున్నడు? వాచ్‌మెన్‌ను అడిగింది. చీటీలు రాసే కిటికీ దగ్గర అడిగింది. ఇడ్లీ బండి ఆమెను అడిగింది, బండి దగ్గర తింటున్న ఇద్దరు టీచర్లను అడిగింది, మెడికల్ షాపులో అడిగింది, తెల్ల చొక్కా వేసుకుని బండి మీద పోతున్న ఆయనకు అడ్డం నిలబడి అడిగింది. ఒకరు ఎముకల డాక్టరు పేరు చెప్పారు. ఒకరు షుగరు డాక్టరు చాలా మంచివాడన్నారు. ఇడ్లీ బండి ఆమె ఏ పేరూ తెలియక, చేయి పట్టుకుని మంచినీళ్లు తాగించింది. అందరూ మంచివాళ్లే, ఎవరికీ తెల్వదు. ఏ ఊళ్లో ఏ బోరు ఎన్ని అడుగులో తనకు తెలుసు, ఏ చేనులో ఏ మోటారు ఉందో తెలుసు, మనిషి గుండెను ఎవరు చూస్తారో మాత్రం ఇన్నేళ్లలో ఎప్పుడూ అడిగి పెట్టుకోలేదు. ఎవరు అడిగి పెట్టుకుంటారు? మళ్లీ గేటు దగ్గరికి వచ్చేసరికి మహిపాల్ ఇంకా అక్కడే ఉన్నాడు, ఆటోలో వెనక సీటు మీద, తల పట్టుకుని. పోలేదేందని కూడా ఆమెకు తోచలేదు. ఊరివాడు కదా, అతన్ని అడగాలని అసలే తోచలేదు. "గుండె డాక్టరు దొరుకుతలేడు తమ్మీ" అని మాత్రం అంది, చెప్పుకోవడానికి ఎదురుగా ఒక మనిషి ఉన్నాడని. మహిపాల్ చటుక్కున తలెత్తాడు. "గుండెనా? గ్యాసని కదక్కా అన్నరు! మా అమ్మకు పోయినేడు నాళంల స్ప్రింగు ఏసింది కర్నూల్ల. ఆ సారు పట్టపగలు అన్నం కాడికెళ్లి లేసొచ్చిండు" అంటూనే సీటు ఎత్తాడు. సీటు కింద బండి కాగితాలు, ఒక పాత తువ్వాలు, వాటి కింద ప్లాస్టిక్ సంచిలో తల్లి ఆసుపత్రి చీటీ. అడుగున, అవసరమైతే ఫోను చేయమని చేత్తో రాసిన నెంబరు. ఇద్దరూ కలిసి ఆ కాగితం పట్టుకుని పరిగెత్తారు. చీటీని ఆమె వదల్లేదు, అతనూ వదల్లేదు, తలుపులో ఇద్దరికీ పట్టక భుజాలు కొట్టుకున్నాయి.

శ్రవణ్ కుమార్ గొంతు ఆమె మొదటిసారి విన్నది అప్పుడే, ప్రేమలత ఫోను స్పీకరులో పెట్టింది. పలకరింపులు లేవు. నొప్పి ఎప్పుడు మొదలైంది? బీపీ ఎంత? మూత్రం వస్తోందా? ఊపిరితిత్తుల్లో నీరు ఉందా? ప్రేమలత ఒక్కొక్కదానికి ఒక్కొక్క మాట చెప్పింది. బాలమణికి పక్క మంచం మీద పిల్లవాడు బిస్కెట్టు కొరికిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆ గొంతు, "పంపించండి. సెలైన్ ఎక్కువ ఎక్కించొద్దు, బీపీ మందు పెంచుకుంటూ రండి. నేను గది ఖాళీగా పెట్టిస్తా. ఐసీయూ డాక్టర్‌ను, సర్జన్‌ను ఇప్పుడే పిలుస్తా. ఒక్కడి వల్ల అయ్యే కేసు కాదిది" అంది. ఒక్కడి వల్ల కాదన్న ఆ మాట ఆమెకు విచిత్రంగా ధైర్యం ఇచ్చింది. ఇరుక్కున్న మోటారుకు కూడా అంతే, లాగేవాడు ఒకడు, పట్టేవాడు ఒకడు, పక్కన చూసేవాడు ఒకడు ఉండాలి. కర్నూలు గంటన్నర దారే. అంబులెన్సు వచ్చింది. నర్సు ఎక్కింది. మందు పెంచుతూ తగ్గిస్తూ చూసుకోవాల్సిన మనిషి ఎవరన్న దగ్గర అందరూ ఆగారు. ప్రేమలత డ్యూటీ రెండింటి దాకా. లోపలికి పోయి ఎవరితోనో ఒక నిమిషం మాట్లాడి, అవే రబ్బరు చెప్పులతో వచ్చి బండెక్కి కూర్చుంది. అమ్మా నువ్వొస్తున్నవా అని బాలమణి అడగలేదు. అడిగితే దిగిపోతుందేమోనని.

పెబ్బేరు దాటిందాకా ఆమె సీసాలోని చుక్కలనే చూసింది. బీచుపల్లి వంతెన మీద బండి చప్పుడు మారితే అద్దంలోంచి చూసింది, కృష్ణ నిండుగా ఉంది, ఎండకు తళతళలాడుతోంది. ఇన్ని నీళ్లు, అనుకుంది, ఇన్ని నీళ్లు. ఇంకేమీ అనుకోలేకపోయింది. వంతెన దాటాక కూతురు ఫోను. రోజా గద్వాలలో ఉంటుంది, అక్కడే ఇచ్చారు. "ఎర్రవల్లి చౌరస్తల నిలవడ్డ అమ్మా, నాయినను సూస్త, బండెక్కుత" అంటోంది. బాలమణి ప్రేమలత వంక చూసింది. ప్రేమలత చూపుడు వేలు సీసా గొట్టం మీద ఉంచి, కళ్లెత్తకుండా తల అడ్డంగా ఊపింది. బండి ఆగలేదు. వెనక అద్దంలోంచి చౌరస్తా కనిపించింది, అరటిపండ్ల బండ్లు, గద్వాల బస్సు, వాటి ముందు ఎర్ర చీరలో రోజా, చంకలో టిఫిను డబ్బా, చేయి పైకెత్తి. బండి తన ముందు నుంచి పోతుంటే ఎత్తిన చేయి అట్లాగే ఉండిపోయింది. పిల్ల చిన్నదై, ఇంకా చిన్నదై, ఒక ఎర్ర చుక్కై పోయింది. ఆ రోజు మొత్తంలో బాలమణి ఏడ్చింది అక్కడే. నోట్లో కొంగు కుక్కుకుని, రెండు ఫర్లాంగులు. తర్వాత రోజా వెనక బస్సులో వచ్చింది, గంట ఆలస్యంగా, డబ్బాలోని ఉప్మా చల్లారి గడ్డకట్టి ఉంది, ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ప్రేమలత ఆ ఉప్మా చేత్తో తిన్నది. చాలా ఆకలి మీద ఉండింది పాపం. అంత ఆకలిగా తింటున్న మనిషిని చూస్తే బాలమణికి ఆ రోజు ఎంతో తృప్తి కలిగింది, లోపల ఇంకా ఏమీ తేలకుండానే.

లోపల ఏం చేశారో శ్రవణ్ కుమార్ తర్వాత బొమ్మ గీసి చెప్పాడు. చేతి నాడిలోంచి సన్నని తీగ పంపి మూసుకున్న నాళం తెరిచాడు. తొడలోంచి ఇంకో గొట్టం పంపి, గుండె పక్కనున్న పెద్ద నాళంలో పొడవాటి బుడగ పెట్టారు. గుండె కొట్టి సేద తీరేటప్పుడు అది ఉబ్బుతుంది, మళ్లీ కొట్టబోయేటప్పుడు ముడుచుకుని దారి ఇస్తుంది. ఊపిరి సంగతి ఐసీయూ డాక్టరు చూసుకున్నాడు. సర్జన్ కత్తి పట్టే అవసరం రాలేదు, అయినా సాయంత్రం దాకా అక్కడే ఉన్నాడు. బుడగ నాలుగు రోజులు పని చేసింది. అద్దం బయట నిలబడితే ఆ యంత్రం టక్ టక్ మనేది, పెద్ద యంత్రం, మంచం పక్కన నమ్మకమైన పనిమనిషిలా. అయ్యా, నువ్వు ఎవరు చేసిన యంత్రమో గానీ జర గట్టిగ పట్టు అని ఆమె దానికి కూడా మొక్కింది, దేవుడు ఏమనుకున్నా సరేనని. మూడో రోజు సంచిలో మూత్రం నిండిందని నర్సు చెబితే, రోజా, తనూ చేతులు పట్టుకుని గెంతినంత పని చేశారు. పక్కవాళ్లు పిచ్చివాళ్లను చూసినట్టు చూశారు. మూత్రానికి అంత సంబరపడ్డ మనుషులు ఇంకెవరైనా ఉంటారా? ఖర్చు సంగతి ఎట్లాగో సర్దుకుంది, అది తలుచుకోవడానికి ఇవాళ ఆమెకు మనసు లేదు. అయిదో రోజు గొంతులోంచి గొట్టం తీశాక ఇస్రాయేలు కళ్లు తిప్పి ఆమెను వెతికి పట్టుకున్నాడు. పెదాలు కదిలాయి. ఆమె చెవి దగ్గర పెట్టింది. దేవుడనో, రోజా అనో అంటాడనుకుంది. "పెంటయ్య మోటారు ఎవలు తీసిండ్రు?" అన్నాడు.

ఇప్పుడు మోటార్లు వేరేవాళ్లు తీస్తున్నారు. అతను ఇంటి ముందు వేపచెట్టు నీడలో స్టూలు మీద కూర్చుని కాలిపోయిన మోటార్లకు రాగి తీగ చుడుతున్నాడు, కూర్చుని చేసే పని. మొదట్లో అది పనే కాదన్నట్టు చేశాడు, ఇప్పుడు అతను చుట్టిన మోటారు కావాలని గోపాల్‌పేట నుంచి కూడా వస్తున్నారు. పొద్దున ఆమె కూలికి పోయి మధ్యాహ్నం వచ్చేసరికి అతను జొన్నరొట్టెలు చేసి పెడుతున్నాడు. ఒకటి గుండ్రంగా, మిగతావి వాటి ఇష్టం వచ్చినట్టు. పెళ్లైన కొత్తలో ఎవరైనా ఇట్లా అవుతుందని చెబితే నవ్వేది. వచ్చేదారిలో ఆ రొట్టెల వాసన వీధి మలుపు దగ్గరే తగులుతుంది, తగిలినప్పుడల్లా ఆమె ఒక్క క్షణం నడక తగ్గిస్తుంది, ఎందుకంటే ఆ మలుపు నుంచి ఇంటి దాకా ఉన్న ఇరవై అడుగులు ఆమెకు చాలా ఇష్టమైపోయాయి. ఎండ ఎప్పుడు వచ్చిందో కాళ్ల మీదికి వచ్చింది. వెచ్చగా ఉంది. నారింజ పంచిన ఆమె గోడకు తల ఆనించి నిద్రపోతోంది. బయట హైదరాబాదు బస్సు హారను కొట్టింది, ఎవరో సుహాసినీ అని పిలిచారు, ఎవరో వస్తున్నా అన్నారు.

"ఇస్రాయేలు మనిషెవరు? లోపలికి రమ్మంటుండు సారు" అన్నాడు కాంపౌండరు.

గంట నుంచి దొరకని భయం ఒక్కసారిగా దొరికింది. వెంట వచ్చిన మనిషిని కూడా ఎందుకు పిలుస్తారు? మనిషిని పిలిచారంటే చెప్పాల్సింది ఏదో ఉందనే కదా. లేచేటప్పుడు చొక్కా కింద పడింది, తీసుకుంది, మూడు చరణాలు పాడిండు కదా సారూ, మూడూ పాడిండు అని లోపల అనుకుంటూ తలుపు నెట్టింది. గది చీకటిగా ఉంది. ఇస్రాయేలు ఎడమవైపు తిరిగి పడుకుని ఉన్నాడు, ఛాతీ మీద ఏదో జిగురు మెరుస్తోంది. శ్రవణ్ కుమార్ చిన్న యంత్రాన్ని పక్కటెముకల మధ్య ఆనించి తెర వంక చూస్తున్నాడు.

"ఏమైంది సారూ?"

"ఏం కాలేదమ్మా. నలభై రెండు. బాగా వచ్చింది. లోపల యంత్రం పెట్టే అవసరం లేదు, బరువులు మాత్రం ఎత్తొద్దు" అన్నాడాయన, "మీ ఆయనే, మా ఆమెకు కూడా చూపించు సారూ అని ఒకటే గొడవ. రండి, ఇటు నిలబడండి."

ఆమె ఇటు నిలబడింది. తెర మీద టార్చిలైటు వేసినట్టు ఒక బూడిదరంగు వెలుగు, ఆ వెలుగులో పిడికిలంత ఏదో ముడుచుకుంటోంది, తెరుచుకుంటోంది, లోపల సన్నటి పొర ఒకటి రెపరెపమంటోంది. ఎంతమంది చేతులు పట్టుకుని దీని కోసం అడిగింది తను. వాచ్‌మెన్‌ను, ఇడ్లీ బండి ఆమెను, బండి మీద పోయే ఆయనను. దీన్ని మాత్రం ఎన్నడూ చూడలేదు. డాక్టరు వేలితో చూపించాడు, "ఇదిగో, ముందువైపు ఈ గోడకే దెబ్బ తగిలింది. అప్పుడు అసలు కదల్లేదు. ఇప్పుడు కదులుతోంది, కాస్త వెనకబడి."

"గింతేనా సారూ?" అంది బాలమణి. "గింతంత దానికేనా గంత పరేషాన్ వెట్టిండు?"

ఇస్రాయేలుకు నవ్వు వచ్చింది. తెర మీద బొమ్మంతా ఊగిపోయింది, గుండె పక్కకు ఎగిరి మళ్లీ వెలుగులో పడింది. "నవ్వొద్దు, కదలొద్దు, కొలత తప్పుతుంది" అన్నాడు డాక్టరు, ఆయన గొంతులోనూ నవ్వు ఉంది. "ఊకో అయ్యా, సారు సూస్తుండు" అని ఆమె గదిమింది, అతను పెదాలు బిగించి కళ్లతో నవ్వాడు. బొమ్మ నిలకడకు వచ్చింది. ఆమె ఇంకేమీ చూడలేదు, ఆ ఒక్క గోడనే చూసింది. కలుపు తీసేటప్పుడు వరసలో ఒక మనిషి వెనకబడుతుంది, చేతకాక కాదు, ఒంట్లో బాగోలేక. అయినా సాలు విడిచిపోదు, మిగతావాళ్లు చేను చివరికి చేరి, నడుం మీద చేతులు పెట్టుకుని ఆమె కోసం నిలబడతారు. అట్లా నిలబడి చూసింది బాలమణి. మిగతా గుండె అంతా ముడుచుకుంది. ఆ గోడ ఇంకా రాలేదు. వచ్చింది. మళ్లీ చూసింది. మళ్లీ వచ్చింది.